'స్ట్రెస్ అయ్యుంటుంది' అని పంపించేస్తే ఏం చేయాలి?

కొత్తగా అమెరికా వచ్చిన అమ్మాయిలు నన్ను అడిగేవాటిలో వీసా సంగతుల తర్వాత ఎక్కువగా వినబడే ప్రశ్న ఇది: "అక్కా, నొప్పి అని వెళ్తే ఒక్క టెస్టు కూడా రాయలేదు. స్ట్రెస్ అయ్యుంటుంది, నీళ్లు బాగా తాగండి, ఐబుప్రొఫెన్ వేసుకోండి అని పంపించేశారు. ఇక్కడ వైద్యం ఇంతేనా?" కొందరు తప్పు తమ మీదే వేసుకుంటారు. ఇంగ్లిష్‌లో సరిగ్గా చెప్పలేకపోయానేమో, చిన్నదాన్ని పెద్దది చేశానేమో అని.

మీ ఇంగ్లిష్‌ని తిట్టుకోకండి. ఇక్కడే పుట్టి పెరిగిన ఆడవాళ్లదీ ఇదే గోడు. ఫిలడెల్ఫియాలో ఒక ఎమర్జెన్సీ విభాగానికి కడుపునొప్పితో వచ్చినవాళ్ల మీద చేసిన అధ్యయనం ఒకటి 2008లో వచ్చింది. నొప్పి ఎంతుందంటే ఆడా మగా దాదాపు ఒకే అంకె చెప్పారు. అయినా మందు అందడానికి మగవాళ్లకు 49 నిమిషాలు పడితే, ఆడవాళ్లకు 65 నిమిషాలు పట్టింది. బలమైన నొప్పి మందులు ఇవ్వడంలోనూ ఆడవాళ్లే వెనకబడ్డారు.

ఇది ఒకరిద్దరు డాక్టర్ల దురుసుతనంతో వచ్చిన సమస్య అయితే డాక్టర్ని మార్చుకుంటే సరిపోయేది. కానీ మందుల పరిశోధనలోనే ఆడవాళ్లను పక్కన పెట్టారు. 1977లో అమెరికాలో మందులకు అనుమతులిచ్చే సంస్థ ఎఫ్‌డీఏ, పిల్లల్ని కనే వయసులో ఉన్న ఆడవాళ్లను కొత్త మందుల తొలి దశ ప్రయోగాల్లోకి తీసుకోవద్దని మార్గదర్శకాలిచ్చింది. వాటిని 1993లో గానీ మార్చలేదు. ఫలితం ఎలా ఉంటుందో చూడాలంటే ఆంబియన్ అనే పేరుతో అమ్మే నిద్రమాత్ర సంగతి చాలు. 1992లో దానికి అనుమతి వచ్చింది. ఆ మందు ఆడవాళ్ల ఒంట్లోంచి నెమ్మదిగా పోతుందనీ, పొద్దున కారు నడిపే వేళకు ఇంకా రక్తంలోనే ఉంటోందనీ చెప్పి, వాళ్లకు మోతాదును 10 మిల్లీగ్రాముల నుంచి 5కి తగ్గించమన్నది 2013లో. అన్నేళ్లూ ఆడవాళ్లు వేసుకున్నది అవసరానికి రెట్టింపు. ఆడ డాక్టర్‌ని ఎంచుకుంటే ఈ గొడవ ఉండదని కొందరంటారు. మాట వినే ఓపిక ఎక్కువగా ఉంటే ఉండొచ్చు గానీ, ఆవిడ చదువుకున్నదీ అవే పుస్తకాలు, ఆవిడకు దొరికేదీ ఆ పావుగంట టైమే.

నేను చూసినంతలో మన విషయంలో దీనికి ఇంకోటి తోడవుతుంది. వాళ్లు సగం తగ్గించి వింటారు, మనం ముందే సగం తగ్గించి చెబుతాం. చార్టులోకి ఎక్కేది పావు వంతు.

తెలిసినవాళ్ల అమ్మాయికి తోడుగా ఒకసారి ఎమర్జెన్సీకి వెళ్లాను. నొప్పి సున్నా నుంచి పది వరకు ఎంత అని నర్సు అడిగితే ఆ పిల్ల మొహమాటంగా "నాలుగు" అంది. మిగతావన్నీ భర్తే చెప్పాడు: నిన్నటి నుంచి కొంచెం కడుపునొప్పి, ఒకసారి వాంతి అయింది, అంతే. నర్సు టకటకా కొట్టుకుంటూ పోయింది. నేను కలగజేసుకుని తెలుగు ఇంటర్‌ప్రెటర్ కావాలన్నాను. చక్రాల స్టాండు మీద ఒక టాబ్లెట్ తోసుకొచ్చారు, అందులో ఒకావిడ తెలుగులో అడగడం మొదలుపెట్టింది. అప్పుడు చెప్పింది పిల్ల, నిటారుగా నిలబడలేకపోతున్నానని, తెల్లవారుజామున బాత్రూంలో కళ్లు తిరిగి పడిపోయానని, నొప్పంతా కుడిపక్కనే ఉందని. ఆ పడిపోయిన సంగతి భర్తకు కూడా తెలియదు. నర్సు టైపింగ్ ఆపి మంచం దగ్గరకు వచ్చింది. గంటలోపే అల్ట్రాసౌండ్ తీశారు. అండాశయం మెలిపడింది, ఆ రాత్రే ఆపరేషన్.

ఆ అబ్బాయిని తప్పుపట్టలేం. భార్య తరఫున మాట్లాడటమే సాయం అనుకున్నాడు. కానీ డాక్టర్ దగ్గర భర్త చెప్పేది ఎంతైనా సారాంశమే, వైద్యానికి కావలసింది వివరం. నెలసరి సంగతులు, పడకగది సంగతులు, ఇంట్లో చెయ్యి చేసుకునే సంగతులు ఎదురుగా భర్త ఉంటే అసలు బయటికే రావు. ఫెడరల్ (కేంద్ర ప్రభుత్వ) నిధులు తీసుకునే ఆస్పత్రులన్నీ ఇంటర్‌ప్రెటర్‌ను ఉచితంగా ఏర్పాటు చేయాలని చట్టం ఉంది. మీకు ఇంగ్లిష్ వచ్చినా అడగొచ్చు. ఆఫీసు మీటింగుకి సరిపోయే ఇంగ్లిష్ వేరు, నొప్పిలో ఉన్నప్పుడు నోటికొచ్చే భాష వేరు. అపాయింట్‌మెంట్ తీసుకునేటప్పుడే చెబితే ఏర్పాటు చేసి పెడతారు. చిన్నపిల్లల చేత మాత్రం చెప్పించకండి. కొద్దిసేపు ఒంటరిగా మాట్లాడాలని నర్సుకు చెబితే చాలు, భర్తను బయట కూర్చోమని వాళ్లే అంటారు.

ఇక ఎలా చెప్పాలనేది. అంకెల కంటే పనులు చెప్పండి. "చాలా నొప్పి" అంటే ఎవరి లెక్క వాళ్లది. "నెలకు రెండు రోజులు ఆఫీసుకు వెళ్లలేకపోతున్నాను, రాత్రి నొప్పికి మెలకువ వస్తోంది, మెట్లెక్కితే ఆగిపోవాల్సి వస్తోంది" అంటే దాన్ని పక్కన పెట్టడం కష్టం. ఎప్పుడు మొదలైంది, ఏం మందు వేసుకున్నారు, అది పనిచేసిందా లేదా, ఇవి ఫోన్‌లో రాసుకుని వెళ్లండి. పంటి బిగువున ఓర్చుకుని నవ్వుతూ చెబితే, నోట్స్‌లో 'ప్రశాంతంగా ఉంది' అని పడుతుంది. నెలసరి నొప్పికి అల్ట్రాసౌండ్ తీసి అంతా నార్మల్ అన్నారనుకోండి, ఎండోమెట్రియోసిస్ (గర్భసంచి లోపలి పొరలాంటిది దాని బయట పెరిగే జబ్బు) లేదని దానర్థం కాదు. చాలాసార్లు అది స్కాన్‌లో కనబడదు, అందుకే ఆ జబ్బు బయటపడటానికి ఏళ్లూ పూళ్లూ పడుతుంది.

టెస్టు అక్కర్లేదని డాక్టర్ అంటే వాదన పెట్టుకోవద్దు. రెండు ప్రశ్నలు వేయండి. ఇది స్ట్రెస్ కాకపోతే ఇంకేమై ఉండొచ్చు? వాటిని ఏ ఆధారంతో కాదంటున్నారు? అప్పటికీ టెస్టు రాయకపోతే, "నేను అడిగానని, మీరు వద్దన్నారని, ఎందుకో కారణంతో సహా నోట్స్‌లో రాయండి" అనండి. గొంతు పెంచక్కర్లేదు. కారణం రాయాల్సి వచ్చేసరికి చాలామంది ఇంకోసారి ఆలోచిస్తారు. 2021 ఏప్రిల్ నుంచి డాక్టర్ల నోట్స్ ఆలస్యం లేకుండా మనకు కనబడాలని రూల్ ఉంది కాబట్టి, ఇంటికి వచ్చాక పోర్టల్‌లో (ఆస్పత్రి వెబ్‌సైట్‌లో మీ రికార్డులుండే అకౌంటులో) చదవండి. మీరు చెప్పనిది ఉన్నా, చెప్పింది లేకపోయినా సవరించమని హిపా అనే, రోగుల రికార్డులకు సంబంధించిన చట్టం కింద రాతపూర్వకంగా అడగొచ్చు. 60 రోజుల్లో జవాబివ్వాలి, కావాలంటే ఇంకో 30 రోజులు గడువు తీసుకోవచ్చు. కుదరదంటే మీ అభ్యంతరాన్ని రికార్డుకు జతచేయించుకునే హక్కు ఉంది.

పోర్టల్ అంటే గుర్తొచ్చింది. డిపెండెంట్ వీసా మీద వచ్చిన చాలామంది అకౌంటు భర్త ఈమెయిల్ మీదే తెరిచి ఉంటుంది, పాస్‌వర్డ్ కూడా ఆయన దగ్గరే. అనుమానంతో చేసిన పని కాకపోవచ్చు, అన్ని అకౌంట్లలాగే ఇదీ తెరిచేసి ఉంటాడు. అయినా మీ ఈమెయిల్, మీ ఫోన్ నంబర్ మీదకు మార్చుకోండి. ఇన్సూరెన్స్ ఆయన ఉద్యోగం ద్వారా వస్తే బిల్లుల వివరాలు ఆయన పేరునే వస్తాయి. దానివల్ల మీకు ప్రమాదం ఉంటే, ఆ ఉత్తరాలు వేరే చోటికి పంపమని ఇన్సూరెన్స్ కంపెనీని అడగొచ్చు.

గుండె గురించి ఒక ముక్క. గుండెపోటు వస్తే ఆడవాళ్లకైనా ఛాతీలో నొప్పే ఎక్కువగా ఉంటుంది. కానీ ఆయాసం, వికారం, దవడలోనో వీపులోనో నొప్పి, ఎన్నడూ లేనంత నీరసం, ఇవి కూడా వాళ్లలో ఎక్కువ. గ్యాస్ అనో యాంగ్జయిటీ అనో కొట్టిపారేసేది వీటినే. దక్షిణాసియా మూలాలు ఉండటమే గుండెజబ్బు ముప్పును పెంచుతుందని 2018 నాటి అమెరికా కొలెస్ట్రాల్ మార్గదర్శకాల్లోనే ఉంది. ఎమర్జెన్సీలో ఆ మాట మీరే చెప్పండి. మొదటి ఈసీజీ మామూలుగా ఉందని పంపించేస్తుంటే, గుండె కండరం దెబ్బతిందేమో చూసే ట్రోపోనిన్ రక్తపరీక్ష మళ్లీ చేస్తారా అని అడగండి.

గైనకాలజిస్టు గదిలో మొహమాటమే మనకు శత్రువు. పరీక్ష చేసేటప్పుడు పక్కన ఇంకొక మహిళ ఉండాలని అడగొచ్చు. మధ్యలో ఆపమంటే ఆపాలి. ఐయూడీ (గర్భం రాకుండా గర్భసంచిలో పెట్టే పరికరం) వేసేటప్పుడు నొప్పి తగ్గించే మార్గాల గురించి ముందే మాట్లాడాలని అమెరికా ప్రజారోగ్య సంస్థ సీడీసీ 2024లో చెప్పింది కాబట్టి, "చిన్న చురుకు, అంతే" అని సరిపెడితే మొద్దుబరిచే మందు లిడోకైన్ ఇస్తారా అని అడగండి. మత్తులో ఉన్నప్పుడు మెడికల్ స్టూడెంట్ల చేత పెల్విక్ (జననాంగాల) పరీక్ష చేయించాలంటే మీ అనుమతి ముందే తీసుకోవాలని 2024 ఏప్రిల్‌లో ఫెడరల్ ఆరోగ్యశాఖ ఆస్పత్రులకు స్పష్టం చేసింది. సంతకం పెట్టే కాగితాల కట్టలో ఆ లైను ఎక్కడుందో చూపించమనండి.

అన్నిటికన్నా జాగ్రత్తగా ఉండాల్సింది కాన్పు తర్వాత. బిడ్డ పుట్టగానే అందరి కళ్లూ బిడ్డ మీదే, తల్లికి చెకప్ వారాల తర్వాత ఎప్పుడో. గర్భం కారణంగా జరిగే మరణాల్లో సగానికి పైగా కాన్పయిన వారం తర్వాత, ఏడాదిలోపు జరుగుతున్నాయని సీడీసీ లెక్క తేల్చింది. గర్భం కారణంగా జరిగే మొత్తం మరణాల్లో 80 శాతానికి పైగా ఆపగలిగినవేనట. సెరెనా విలియమ్స్ కథ తెలిసే ఉంటుంది. 2017లో సిజేరియన్ అయిన మర్నాడు ఆయాసం మొదలైంది. ఊపిరితిత్తుల్లో రక్తం గడ్డకట్టిన చరిత్ర తనకు ముందే ఉంది. సీటీ స్కాన్ కావాలని, రక్తం పలచబరిచే మందు కావాలని తనే చెప్పింది. నొప్పి మందుల మత్తులో మాట్లాడుతోందేమో అనుకుంది నర్సు. ముందు కాళ్లకు అల్ట్రాసౌండ్ చేసి, తర్వాత గానీ సీటీ తీయలేదు. గడ్డలు ఊపిరితిత్తుల్లోనే ఉన్నాయి. ప్రపంచమంతా తెలిసిన నల్లజాతి క్రీడాకారిణి మాటకే ఆ గతి పట్టింది.

కాబట్టి ఇంటికి వచ్చాక బీపీ మిషన్ ఒకటి దగ్గర పెట్టుకోండి. 140/90 దాటితే ఫోన్ చేయండి, 160/110కి చేరితే ఎమర్జెన్సీకే. తగ్గని తలనొప్పి, చూపు మసకబారడం, ఆయాసం, ఒక కాలు మాత్రమే వాచి నొప్పి పుట్టడం, గంటకో ప్యాడ్ తడిసిపోవడం, వీటిలో ఏది వచ్చినా తెల్లారనిద్దాం అనుకోవద్దు. ఎమర్జెన్సీలో అడుగుపెట్టగానే మొదటి వాక్యం "నాకు కాన్పయి ఇన్ని వారాలైంది" అని ఉండాలి, ఎందుకంటే చంకలో బిడ్డ లేకపోతే వాళ్లకు తట్టదు. భర్తలు నోరు విప్పాల్సిన చోటు ఇది: "ఆమె చెప్పేది రాసుకున్నారా?" అని అడగండి, అది చాలు. దిగులు, భయం, బిడ్డను చూస్తే ఏమీ అనిపించకపోవడం లాంటివి ఉంటే 1-833-852-6262కి ఏ వేళప్పుడైనా ఫోన్ చేయొచ్చు. బాలింతల కోసం, గర్భిణుల కోసం ప్రభుత్వం నడిపే ఉచిత లైను అది. ఇంటర్‌ప్రెటర్ కావాలంటే పెడతారు.

ఇంత చేసినా అన్యాయం జరిగితే, ఆస్పత్రిలో రోగుల తరఫున మాట్లాడే పేషెంట్ అడ్వకేట్ ఎక్కడ ఉంటారని అడిగి ఫిర్యాదు రాసివ్వండి. డాక్టర్ మీదైతే రాష్ట్ర మెడికల్ బోర్డుకు. ఆడమనిషి అనో, భాష రాదనో వివక్ష చూపారనిపిస్తే ఫెడరల్ ఆరోగ్యశాఖలోని పౌరహక్కుల కార్యాలయానికి 180 రోజుల్లోగా పంపాలి. అందుకు ఆన్‌లైన్ ఫారం ఉంది. వీసాకు ఏమైనా అవుతుందేమోనని చాలామంది దీని జోలికే వెళ్లరు. ఆ ఫిర్యాదుకూ ఇమిగ్రేషన్‌కూ సంబంధం లేదు.