‘రక్కుకున్నాయి’ అంటే సరిపోతుందా?

సందేహం: మెదడు పరిశోధనల మీద రాసిన వ్యాసంలో ‘ఆ జన్యువు లేని చిట్టెలుకలు ముఖాలు రక్కుకుని పుండ్లు చేసుకున్నాయి’ అన్నాను. వ్యాసం సరిచూసినవారు ‘తమ ముఖాలను తామే’ అని మార్చారు. ‘రక్కుకుని’లో ‘కొను’ ఉండగా ‘తామే’ దండగ కదా? ఈ ప్రవర్తనను ‘ఆత్మహింస’ అనవచ్చా?

సమాధానం: ఏకవచనంలో అయితే మీ మాటే సరి. ‘ఎలుక ముఖం రక్కుకుంది’ అంటే ఎవరి ముఖమని ఎవరూ అడగరు. చిక్కంతా బహువచనంతోనే. ‘తలలు దువ్వుకున్నారు’ అంటే ఎవరి తల వారే. ‘తిట్టుకున్నారు’, ‘కొట్టుకున్నారు’ అంటే మాత్రం ఒకరినొకరు. ఉన్నది ఒకే ‘కొను’. ఒంటి శుభ్రత చెప్పే క్రియలకు చేరితే తనవైపు, తగువు చెప్పే క్రియలకు చేరితే ఎదుటివారివైపు మొగ్గుతుంది. ‘రక్కు’, ‘కొరుకు’ తగువు క్రియలు.

మీ వ్యాసంలో ఇది వ్యాకరణంతో ఆగే తేడా కాదు. మీరు చెబుతున్నది 2007లో వెలువడిన, సాపాప్3 అనే జన్యువు మీద జరిగిన పరిశోధన లాగుంది. ఆ జన్యువును తొలగించిన చిట్టెలుకలు ముఖం తుడుచుకోవడం మానక, బొచ్చు ఊడి చర్మం పుండయ్యేదాకా వెళ్లాయి. పుండ్లు చూడగానే ఎవరికైనా వచ్చే అనుమానం, పక్క ఎలుక చేసిన పనేమో అని. అందుకే కొన్నిటిని విడివిడిగా పెంచి చూశారు. వాటికీ పుండ్లు వచ్చాయి. తీసేసిన జన్యువును మెదడులో స్ట్రయేటం అనే భాగానికి తిరిగి అందిస్తే ఆ ప్రవర్తన తగ్గింది. 2002లో వివరించిన, హాక్స్‌బి8 అనే మరో జన్యువులో లోపమున్న ఎలుకలైతే తమ ఒంటితోనే ఆగలేదు, పంజరంలోని మామూలు ఎలుకల బొచ్చునూ అతిగా దువ్వాయి. ‘రక్కుకున్నాయి’ అని వదిలేస్తే ఈ రెండింటికీ తెలుగులో ఒకే వాక్యం వస్తుంది. మీ వాక్యంలో ‘తామే’ ఉండాల్సిందే.

‘ఆత్మహింస’ మాత్రం వద్దు. అందులో తెలిసి, కావాలని చేసే పని అన్న అర్థం ఉంది. లెష్-నైహాన్ అనే జన్యువ్యాధి ఉన్న పిల్లలు పెదవులు, వేళ్లు కొరికేసుకుంటారు. అది వాళ్లకు ఇష్టమై కాదు. చేతులు కట్టేయమని వాళ్లే అడుగుతారు, కట్లు విప్పితే భయపడతారు. ఈ వ్యాధిలో హెచ్‌పీఆర్‌టీ అనే ఎంజైము ఉండదు, మెదడులో కదలికలను నడిపే బేసల్ గాంగ్లియా అనే భాగాల్లో, నాడీకణాల మధ్య సంకేతాలు మోసే డోపమిన్ తగ్గుతుంది. అలాంటి పిల్లల బాధకు ‘హింస’ అని పేరు పెట్టడం అన్యాయం. ఎలుకకు ఆ ఉద్దేశం అంటగట్టడానికి అసలే ఆధారం లేదు. ‘గాయపరచుకోవడం’ అనండి, చాలు. ఈ ‘కొను’కు ఉద్దేశంతో పనిలేదు. ‘జారిపడి కాలు విరగ్గొట్టుకున్నాడు’ అంటే కావాలని విరగ్గొట్టుకున్నాడని కాదుగా!

అసలు ‘రక్కు’ అన్న క్రియే ఇక్కడ నాకు నచ్చలేదు. అందులో కోపం ఉంది. ఆ ఎలుకలు చేసింది రోజూ చేసే పనే: ముందుకాళ్లు నాకి ముఖం తుడుచుకోవడం. కాకపోతే ఎక్కడ ఆపాలో అక్కడ ఆగలేదు. ‘అడిగి అడిగి విసిగిపోయింది’ అంటాం. ఆ జంట క్రియలో పని మళ్లీ మళ్లీ జరగడమూ, దాని ఫలితమూ రెండూ వచ్చేస్తాయి. ‘ముఖం తుడుచుకుని తుడుచుకుని పుండ్లు చేసుకున్నాయి’ అని రాయండి. ‘తుడుచుకొను’ శుభ్రత చెప్పే క్రియ కాబట్టి అప్పుడు ‘తామే’ అక్కర్లేదు.