నాన్నగారితో జాయింట్ అకౌంట్: ఎఫ్‌బార్ వేయాలా?

ఇండియాలో నాన్నగారితో జాయింట్ అకౌంట్ ఉంది, ఎఫ్‌బార్ (అమెరికా బయట ఉన్న బ్యాంకు అకౌంట్ల వివరాలు అమెరికా ప్రభుత్వానికి చెప్పే రిపోర్టు) వేయాలా అని అడిగారు. మీ విదేశీ అకౌంట్లన్నీ కలిపి 10,000 డాలర్లు దాటితే వేయాలి. అకౌంట్లో మీ డబ్బు రూపాయి లేకపోయినా పేరుంది కదా, అదే చిక్కు. హెచ్‌1బి మీద అమెరికాలో ఏళ్లుగా ఉంటున్నారు కాబట్టి పన్ను లెక్కల్లో మీరు అక్కడి రెసిడెంటే. మీరు 1040 (అమెరికా పన్ను రిటర్న్) వేశానన్నారు. ఎఫ్‌బార్ దాంతో పోదు, ఫిన్‌సెన్ (అమెరికా ట్రెజరీ, అంటే ఆర్థిక శాఖలో ఒక విభాగం) సైట్లో ఫారం 114 విడిగా వేయాలి, ఫీజేమీ లేదు.

అందరూ తప్పేది లెక్క దగ్గరే. డిసెంబరు 31 బ్యాలెన్స్ చూసి "10,000 డాలర్లు లేవుగా" అనుకుంటారు. చూడాల్సింది ఒక్కో అకౌంట్లో ఏడాది మొత్తమ్మీద ఉన్న గరిష్ఠ బ్యాలెన్స్, వాటన్నిటి కూడిక. మేలో సేవింగ్స్‌లో ఉన్న 5 లక్షలు జూన్‌లో ఎఫ్‌డీ చేశారనుకోండి, రెండు చోట్లా లెక్కే: 10 లక్షలు. డాలరు 85 అనుకున్నా హద్దు దాటింది. (అన్యాయమే, నేనూ మొదట నమ్మలేదు.)

1. ప్రతి అకౌంట్ స్టేట్‌మెంట్ తీసి గరిష్ఠ బ్యాలెన్స్ రాసుకోండి. జాయింట్‌దైనా సగం కాదు, పూర్తి మొత్తం.
2. ట్రెజరీ వాళ్ల డిసెంబరు 31 రేటుతో డాలర్లలోకి మార్చండి.
3. గడువు ఏప్రిల్ 15, అడక్కుండానే అక్టోబరు 15 దాకా పొడిగింపు.
4. పాత ఏళ్లవి మిగిలిపోతే, ఆలస్యానికి కారణం ఫారంలోనే ఎంచుకుని వేసేయండి. వడ్డీ మొత్తం రిటర్న్‌లో చూపించానన్నారు, ఐఆర్ఎస్ (అమెరికా పన్ను శాఖ) నుంచి ఉత్తరం రాకముందే వేస్తే సాధారణంగా పెనాల్టీ ఉండదు.

వడ్డీ ఏ ఏడాదైనా రిటర్న్‌లో చూపించకుండా వదిలేసి ఉంటే మాత్రం పైన 4లో చెప్పింది మీకు వర్తించదు. ముందు సీపీఏని (అమెరికాలో లైసెన్సున్న అకౌంటెంట్‌ని) కలవండి.