ఒడిశా గుంఠ, తెలంగాణ గుంట ఒకటేనా?

సందేహం: మాది పర్లాకిమిడి. తాతగారి నాటి పంపకాల కాగితం ఒడియాలో ఉంది, అందులో ఒక భూమి చెక్క 'పది గుంఠ' అని రాశారు. తెలుగులో రాసుకుంటూ 'పది గుంటలు' అన్నాను. హైదరాబాదులో ఉండే మా బావగారు చూసి పావెకరమేగా అన్నారు. ఇక్కడ భూములు కొలిచే అమీను మాత్రం నలభై డిసిమిల్ అంటున్నాడు. ఇంట్లో ఒకటే టెన్షన్. ఏది సరి?

సమాధానం: మీ భూమికి అమీను చెప్పిందే సరి. బావగారి లెక్క తెలంగాణలో సరిపోతుంది, అక్కడ ఎకరానికి 40 గుంటలు, అంటే గుంటకు 121 చదరపు గజాలు, రెండున్నర సెంట్లు. ఒడిశాలో ఎకరానికి 25 గుంఠలే, కాబట్టి గుంఠకు 4 డిసిమిల్. డిసిమిల్ అన్నా సెంటు అన్నా ఎకరంలో నూరో వంతే. మీ పది గుంఠలు 40 సెంట్లు, తెలంగాణ గుంటల్లో చెప్పాలంటే పదహారు. మీరు వత్తు తీసేసి అంకె అలాగే ఉంచేసరికి 15 సెంట్లు, అంటే 726 గజాల నేల కాగితం మీద మాయమైపోయింది!

కనుక తెలుగులో '40 సెంట్లు' అనే రాయండి, పక్కనే 'ఒడియా కాగితంలో 10 గుంఠ' అని వత్తుతో సహా ఉంచండి. 1936 దాకా మీ ఊరు మద్రాసు ప్రెసిడెన్సీలోదే, సెంటు మీకేం కొత్త కాదు, ఏరు దాటితే పాతపట్నంలోనూ అదే మాట. పట్టా ఉంటే అందులో ఎకరా, డిసిమిల్ గడులు చూడండి, గుంఠల జోలికే పోనక్కర్లేదు.

ఆ కాగితంలోనే 'మాణ' అని కూడా తగలొచ్చు. భూమి లెక్కలో మాణ అంటే 25 గుంఠలు, అంటే ఎకరం. మార్గశిర గురువారాల్లో ఒడియావాళ్ళు వడ్లు నింపి లక్ష్మీదేవిగా కొలిచే కొలపాత్రా మాణే, అందుకే మనవాళ్ళు దాన్ని చటుక్కున 'మానిక' అనేస్తారు. పొలం దగ్గర అలా అనకండి. మనకు కుంచెడు నేల అంటే కుంచెడు గింజలు చల్లేంత నేల. ఆ లెక్కన 'రెండు మానికల పొలం' అంటే చదివినవాళ్ళు ఏ నారుమడో అనుకుంటారు, అక్కడున్నది రెండెకరాలు.