బంగారు రంగు బోల్టులకు పెయింట్ వద్దు

తుప్పు వదిలించాక మీ పాత కారు ఇంజను దగ్గరి బోల్టులు, బ్రాకెట్లు బోసిగా తేలాయని, బంగారు రంగు స్ప్రే కొట్టవచ్చా అని అడిగారు. కొట్టకండి. స్పానరు పెట్టగానే పెచ్చులూడుతుంది.

ముందు అసలు పూత ఏదో తేల్చుకోండి. ఇంకా శుభ్రం చేయని భాగాల్లో వాషరు కిందా, క్లాంపు బిగించిన చోటా చూడండి. పసుపులో ఆకుపచ్చ, గులాబీ ఛాయలు దోబూచులాడుతుంటే అది జింకు పూత మీద పసుపు క్రోమేటు (తుప్పును ఆపే పలుచని రసాయన పొర), లేదా కాడ్మియం అనే లోహపు పూత. కాడ్మియం విషం, అనుమానం ఉంటే గీకడం, వేడి చేయడం రెండూ వద్దు. మెరుపు లేని ముదురు బూడిద రంగైతే ఫాస్ఫేటు అనే రసాయన పూత కావచ్చు. దానికి నూనె పట్టిస్తేనే తుప్పు ఆగుతుంది.

జింకైతే ప్లేటింగ్ (కరెంటుతో లోహపు పూత) చేసేవారికి ఇవ్వండి. పూత మందం కొద్ది మైక్రాన్లే కాబట్టి తుప్పు తిన్న గుంటలు పూడవు. అలాగని అద్దంలా పాలిష్ చేయించకండి, ఫ్యాక్టరీలో బ్రాకెట్లను ఎవరూ అంత ముద్దు చేయలేదు!

అసలు జాగ్రత్త ఒకటుంది. తలపై 10.9, 12.9 అని (బలాన్ని తెలిపే అంకెలు) ఉన్న గట్టి బోల్టులు, స్ప్రింగులు ఆమ్లంతో శుభ్రం చేసేటప్పుడు, ప్లేటింగ్‌లో హైడ్రోజన్‌ను పీల్చుకుని పెళుసెక్కుతాయి. బిగించిన కొన్ని గంటలకో రోజులకో పుటుక్కున తెగవచ్చు. అందుకే జింకు ఎక్కిన వెంటనే, క్రోమేటుకు ముందే, వాటిని దాదాపు 200 డిగ్రీల సెల్సియస్ వద్ద గంటల తరబడి ఓవెన్‌లో వేడి చేయాలి. ఆ సంగతి ప్లేటింగ్ చేసేవారిని ముందే అడగండి. బ్రేకులు, స్టీరింగు బోల్టులకైతే నేను కొత్తవే కొంటాను.