సగానికి పడిన షేరు చవకైనట్టేనా?

ప్రశ్న: ఎఫ్‌డీ మెచ్యూరై 8 లక్షలు చేతికొచ్చాయి. మార్కెట్ పడుతోంది కదా అని, 52 వారాల గరిష్ఠం నుంచి సగానికి దిగిన పది షేర్లు ఎంచి పెట్టుకున్నాను. అన్నింటి పీఈ (షేరు ధర, షేరుకు వచ్చే ఏడాది లాభానికి ఎన్ని రెట్లో చెప్పే లెక్క) 12 లోపే. ఇప్పుడే కొనేయమంటారా? రెండేళ్లలో మా అమ్మాయి ఇంజినీరింగ్ ఫీజులు మొదలవుతాయి.
– ఒక పాఠకుడు, ఖమ్మం

జవాబు: ముందు ఫీజుల సంగతి తేల్చేద్దాం. కోర్సు మొత్తానికి ఎంతవుతుందో లెక్కేసి, ఆ డబ్బు మళ్లీ ఎఫ్‌డీలోనే వేసేయండి. మిగిలిన దాని గురించే మాట్లాడుకుందాం.

పడిన మార్కెట్లో వెతకాలన్న ఆలోచన మంచిదే. 2020 మార్చిలో నిఫ్టీ సూచీ 7,600 దగ్గరికి జారినప్పుడు మంచి కంపెనీలూ చెడ్డ కంపెనీలూ కలిసే పడ్డాయి. అప్పుడు మంచివి కొన్నవాళ్లు లాభపడ్డారు. కానీ మీరు జాబితా తయారు చేసిన పద్ధతే నాకు నచ్చలేదు. 52 వారాల గరిష్ఠం అంటే గడిచిన ఏడాదిలో ఎవరో పెట్టిన అతి పెద్ద ధర, అంతే. అదే అన్యాయమైన ధర అయితే అందులో సగం కూడా ఎక్కువే.

ఇళ్ల రుణాలిచ్చే డీహెచ్‌ఎఫ్‌ఎల్ గుర్తుందా? 2018 సెప్టెంబరు 21న ఆ షేరు ఒక్కరోజులోనే 40 శాతానికి పైగా పడింది. అప్పటిదాకా లాభాలు చూపిస్తున్న కంపెనీ కాబట్టి పీఈ చూస్తే కారుచవక. చాలామంది ఎగబడి కొన్నారు, పడుతున్నకొద్దీ ఇంకా కొని యావరేజ్ చేశారు (సగటు కొనుగోలు ధర తగ్గించుకున్నారు). మరుసటి ఏడాది నవంబరులో రిజర్వు బ్యాంకు ఆ కంపెనీ బోర్డును తప్పించి దివాలా ప్రక్రియకు పంపింది. 2021లో పిరమల్ గ్రూపు చేతికి వెళ్లినప్పుడు వాటాదారులకు దక్కింది సున్నా. ఆ షేరు ఎంత తక్కువలో కొన్నా నష్టం వంద శాతమే.

పీఈ దగ్గర ఇంకో చిక్కుంది. స్టీలు, చక్కెర, సిమెంటు లాంటి వ్యాపారాల్లో లాభాలు ఒక ఏడాది పొంగుతాయి, మరో ఏడాది ఎండిపోతాయి. షేరు ధర 200, షేరుకు లాభం 20 అయితే పీఈ 10. వచ్చే ఏడాది లాభం 5కు పడితే, అదే ధర దగ్గర పీఈ 40! అందుకే ఇలాంటి కంపెనీలకు ఒక్క ఏడాది లాభం కాకుండా ఏడెనిమిదేళ్ల సగటు తీసుకుని లెక్కేయండి. ఈ ఒక్క లెక్కతోనే మీ పదిలో కొన్ని ఎగిరిపోతాయని నా అనుమానం.

మిగిలిన వాటికి వార్షిక నివేదికలు తెరవండి. ఐదేళ్ల నికర లాభాన్ని, అదే ఐదేళ్లలో వ్యాపారం నుంచి నిజంగా వచ్చిన నగదును పక్కపక్కన పెట్టండి. లాభం కాగితం మీద కనిపిస్తూ నగదు రాకపోతే ఆ కంపెనీని వదిలేయండి. (బ్యాంకులకు, ఫైనాన్స్ కంపెనీలకు ఈ పరీక్ష పనికిరాదు. అక్కడ మొండి బకాయిలు, బుక్ వాల్యూ – అంటే ఆస్తుల్లోంచి అప్పులు తీసేస్తే మిగిలే విలువ – చూడాలి.) తర్వాత కంపెనీకి ఉన్న అప్పు. ఆ తర్వాత ప్రమోటర్లు, అంటే కంపెనీని నడిపించే యజమానులు, తాకట్టు పెట్టిన షేర్లు. ఈ వివరం బీఎస్‌ఈ వెబ్‌సైట్లో మూడు నెలలకోసారి వస్తుంది, ఉచితమే. తాకట్టు ఎక్కువుంటే ధర పడ్డప్పుడు అప్పిచ్చినవాళ్లు ఆ షేర్లు అమ్మేస్తారు, దాంతో ధర ఇంకా పడుతుంది. పడే మార్కెట్లో నేను అన్నింటికంటే ముఖ్యంగా చూసేది ఇదే.

పదిలో రెండో మూడో నిలిస్తే చాలు. ఫీజులు పోగా మిగిలిన దాంట్లో మూడింట రెండొంతులు నిఫ్టీ ఇండెక్స్ ఫండ్‌లో (నిఫ్టీలోని కంపెనీలన్నింటినీ అదే నిష్పత్తిలో కొనే ఫండ్), తక్కినది ఈ షేర్లలో పెట్టండి. అదీ ఒకేసారి కాదు, ఆరు నెలల పాటు విడతలుగా. కనీసం ఐదేళ్లు కదపకూడదు. ఏడాదిలోపే అమ్మితే లాభంలో 20 శాతం పన్ను. ఏడాది దాటాక అమ్మితే 1.25 లక్షల లాభం దాకా పన్ను లేదు, ఆపై 12.5 శాతం.

ఇంతకీ ఈ పది పేర్లు మీ సొంతంగా ఎంచినవా, టెలిగ్రామ్ గ్రూపులో వచ్చినవా? రెండోదైతే ఆ జాబితా చించేసి మళ్లీ మొదలుపెట్టండి.