వాపు పూర్తిగా పోకపోయినా జ్వరాన్ని ఆపొచ్చు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో కాళ్ల వాపు, చేతుల వాపు గురించినవే ఎక్కువ. నాలుగింటికి జవాబు రాస్తున్నాను. మొదటిదానికి జవాబు కొంచెం పెద్దదైంది, ఆ కోడలు రాసిన కష్టం ఇంకా ఎన్నో ఇళ్లలో ఉందని నాకు తెలుసు కాబట్టి.

ప్రశ్న: డాక్టర్ గారూ, మా అత్తగారికి 58 ఏళ్లు. ఎడమకాలికి బోదకాలు, పదిహేనేళ్ల నుంచి ఉంది. ప్రతి వానాకాలం నాట్ల రోజుల్లో గజ్జల్లో బిళ్ల కట్టి ఒళ్లంతా వణికించే చలిజ్వరం వస్తుంది, కాలు ఎర్రగా మండిపోతుంది, నాలుగైదు రోజులు మంచం దిగలేదు. తగ్గాక చూస్తే కాలు ముందుకన్నా ఇంకాస్త లావుగా కనబడుతుంది. ఫైలేరియా మాత్రలు ఎన్నిసార్లు మింగిందో లెక్కలేదు. ఒకరు ఇసుక కాపడం పెట్టమంటారు, ఒకరు పసరు కట్టు కట్టించమంటారు. ఇక ఈ కాలికి చేసేదేమీ లేదా?
— ఒక కోడలు, నల్గొండ జిల్లా

జవాబు: ఉందమ్మా, చాలా ఉంది. పైగా అది మీ ఇంట్లో, బావి దగ్గరో కుళాయి దగ్గరో జరగాల్సిన పని.

ముందు ఒక విషయం అర్థం చేసుకోండి. మన ఒంట్లో రక్తనాళాలతో పాటు లింఫ్ నాళాలని ఉంటాయి, బడిలో శోషరసం అని చదువుకున్నామే, ఆ ద్రవం వెళ్లే దారులు. కండల మధ్య ఊరిన నీటిని వెనక్కి తీసుకెళ్లి రక్తంలో కలపడం, మధ్యలో వచ్చిన క్రిముల్ని గజ్జల్లో, చంకల్లో ఉండే గ్రంథుల దగ్గర పట్టుకోవడం వీటి పని. దోమ కాటుతో ఒంట్లోకి చేరిన ఫైలేరియా పురుగులు ఏళ్ల తరబడి ఈ నాళాల్లోనే కాపురముండి వాటిని పాడుచేస్తాయి. మాత్రలు పురుగు పిల్లల్ని చంపుతాయి, కానీ చెడిపోయిన నాళాన్ని మళ్లీ కొత్తది చెయ్యలేవు. అందుకే ఎన్ని మాత్రలు మింగినా మీ అత్తగారి కాలు తగ్గలేదు. అది ఆవిడ తప్పు కాదు, మాత్రల తప్పూ కాదు.

ఇక నాట్ల రోజుల్లో వచ్చే ఆ చలిజ్వరం పురుగు వల్ల వస్తోందని చాలామంది అనుకుంటారు, కానీ ఇన్నేళ్ల పాత కాలికి వచ్చే జ్వరం దాదాపు ఎప్పుడూ చర్మం పగుళ్లలోంచి లోపలికి పోయిన బ్యాక్టీరియా వల్లే. మంచి కాలైతే వాటిని అక్కడే పట్టి చంపేస్తుంది, ఈ కాలికి ఆ కాపలా పోయింది. జ్వరం వచ్చిన ప్రతిసారీ మిగిలిన నాళాలు ఇంకొన్ని దెబ్బతింటాయి. ఏటేటా కాలు లావు కావడానికి అసలు కారణం ఇదే. అంటే జ్వరాన్ని ఆపితే కాలు పెరగడాన్ని కూడా ఆపినట్టే.

బ్యాక్టీరియా ఎక్కడినుంచి వెళ్తోందో మీరే చూడొచ్చు. ఈ రాత్రి లైటు వెలుతుర్లో ఆవిడ కాలివేళ్లను ఒక్కొక్కటీ విడదీసి చూడండి. సందుల్లో చర్మం నానిపోయి తెల్లగా పాచినట్టు ఉంటుంది, వేలితో తాకితే పొరలుగా వచ్చేస్తుంది, కింద ఎర్రగా సన్నటి చీలిక కనబడుతుంది, ఒక రకమైన వాసన కూడా వస్తుంది. బియ్యపు గింజంత ఆ చీలికే చలిజ్వరానికి గుమ్మం. మడమ పగుళ్లు, పాదం మడతల్లో ఒరుపులు కూడా అంతే.

రోజుకు రెండుసార్లు కడగాలి, రెండోసారి కుదరకపోతే పడుకునే ముందు ఒక్కసారైనా తప్పకుండా. వేడినీళ్లు వద్దు, మామూలు నీళ్లు చాలు. సబ్బు ముందు చేతులకు రుద్దుకుని ఆ నురగతో మోకాలి నుంచి కిందికి మెల్లగా రుద్దుతూ రండి, రాయీ బ్రష్షూ పీచూ ఏవీ వద్దు. మడతల్లోకి వేలు వెళ్లకపోతే పాత నూలుచీర ముక్కను తడిపి, దాన్ని వేళ్ల సందుల్లోంచి అటూ ఇటూ లాగండి. నీళ్లు తేటగా కారేదాకా కడగాలి. అందరూ ఇక్కడితో ఆపేస్తారు, కానీ సగం వైద్యం తుడవడంలోనే ఉంది. మెత్తటి పొడిబట్టతో రుద్దకుండా అద్దుతూ, ఒక్కో సందూ పూర్తిగా ఆరేదాకా తుడవాలి. తడి మిగిలితే కడిగినా లాభం లేదు. పాచిన చోట యాంటీ ఫంగల్ క్రీమ్ పీహెచ్‌సీలో అడిగి తీసుకుని సన్నగా రాయండి. వేళ్ల సందుల్లో నూనె వద్దు, చీలికల మీద పసుపు, సున్నం, టీ పొడి ఏవీ వద్దు. మిగతా కాలి చర్మం ఎండిపోయి పగులుతుంటే అక్కడ మాత్రం కొబ్బరినూనె పలచగా రాయొచ్చు.

మెట్టెల సంగతి కూడా చెప్పాలి. ఉబ్బిన వేలికి బిగిసిపోయిన మెట్టె కింద తడి ఆరదు, చర్మం కోసుకుపోతుంది. ఓ పెద్దావిడకి మెట్టె కిందే పుండు పడి జ్వరాలు వచ్చేవి, తియ్యమంటే ఆవిడ కళ్లనీళ్లు పెట్టుకుంది. ఆ వేళ్లవి తీయించి మంచి కాలికి మాత్రం ఉంచాం, పుండు మానింది. మీ అత్తగారితో ఈ మాట నెమ్మదిగా, పదిమంది ముందు కాకుండా చెప్పండి.

నాట్లకు వెళ్లొద్దని చెప్పడం తేలిక, కూలి డబ్బులు ఎవరిస్తారు అనే ప్రశ్నకు నా దగ్గర జవాబు లేదు. కానీ సందుల్లో చీలికలు ఉన్నన్నాళ్లు మాత్రం బురదలో దింపకండి, మెరక మీద ఏదైనా పని చూడండి. మానాక వెళ్లినా ఒడ్డుకు రాగానే కడుక్కుని తుడుచుకోవాలి, సంచిలో ఒక సబ్బు ముక్క, ఒక పొడిగుడ్డ పెట్టి పంపండి. ఇంట్లో కూడా వట్టికాళ్లతో తిరగొద్దు, వెనక పట్టీ ఉన్న మెత్తటి వెడల్పు చెప్పులు కావాలి.

పడుకున్నప్పుడు మంచానికి కాళ్లవైపు రెండు కోళ్ల కిందా చెరో ఇటుక పెట్టండి (గుండె జబ్బు, ఆయాసం ఉంటే డాక్టర్ని అడగకుండా పెట్టొద్దు). కూర్చున్నప్పుడు కాలు కిందికి వేలాడకుండా పీట మీద పెట్టుకోవాలి. లింఫ్‌కి గుండెలాంటి పంపు లేదు, కండరాలు కదిలితేనే అది పైకి వెళ్తుంది కాబట్టి గోడ పట్టుకుని మునివేళ్ల మీద లేచి దిగడం, కూర్చుని పాదాన్ని పైకీ కిందికీ ఆడించడం లాంటివి పూటకు పదిహేనుసార్లు చేయించండి.

జ్వరం వచ్చిన రోజు మాత్రం వ్యాయామం, కట్లు అన్నీ ఆపి పడుకోబెట్టి కాలు ఎత్తులో పెట్టండి, చల్లటి నీళ్లలో తడిపిన గుడ్డ వెయ్యండి, నీళ్లు బాగా తాగించండి, పారాసిటమాల్ ఇవ్వండి, అదే రోజు డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లండి. యాంటీబయాటిక్ ఎంత త్వరగా పడితే అంత మంచిది. ఇసుక కాపడం వద్దు, పసరు కట్టు వద్దు, చీము తీస్తామని బ్లేడుతో గీసేవాళ్ల దగ్గరికి అసలే వద్దు. మనిషి మత్తుగా ఉన్నా, మాట తడబడుతున్నా, ఆగకుండా వాంతులవుతున్నా పెద్దాసుపత్రికి వెళ్లిపోండి. ఏడాదిలో రెండు మూడుసార్లు ఇలా వస్తుంటే పెన్సిలిన్ కొన్నాళ్లు వరసగా వాడే పద్ధతి ఉంది, దాని గురించి మీ డాక్టర్‌ని అడగండి.

శ్రద్ధగా చేస్తే కొన్ని వారాల్లో వాసన పోతుంది, చీలికలు మూసుకుంటాయి, జ్వరాలు తగ్గుతూ వస్తాయి. కాలు కొంత మెత్తబడొచ్చు, కొంత సన్నబడొచ్చు. పాత కాలు మళ్లీ వస్తుందని మాత్రం నేను మాటివ్వలేను, ఇచ్చేవాళ్లని నమ్మకండి. పీహెచ్‌సీలో బోదకాలు ఉన్నవాళ్లకి టబ్బు, మగ్గు, సబ్బు, తువ్వాలు, క్రీముతో ఒక కిట్ ఇస్తారు, ఆశా కార్యకర్తను అడగండి. ఫైలేరియా పింఛన్ రాకపోతే దాని సంగతీ అక్కడే కనుక్కోండి.

ప్రశ్న: నేను టీచర్‌ని, 46 ఏళ్లు. రెండేళ్ల క్రితం కుడి రొమ్ముకు క్యాన్సర్ ఆపరేషన్ అయింది, చంకలో గడ్డలు తీశారు, రేడియేషన్ కూడా ఇచ్చారు. నెల రోజులుగా కుడిచేతి గాజులు ఎక్కడంలేదు, సాయంత్రానికి చెయ్యి బరువెక్కుతోంది. ఇంట్లో వాళ్లు ఆ చేత్తో గ్లాసు కూడా ఎత్తనివ్వట్లేదు. వచ్చే నెల డల్లాస్‌లో అమ్మాయి పురుడు, విమానం ఎక్కొచ్చా అని ఒకటే టెన్షన్.
— ఒక పాఠకురాలు, విజయవాడ

జవాబు: గాజులు ఎక్కడంలేదని మీరు గమనించడమే మంచిదైంది. జాకెట్టు చెయ్యి ఒకవైపు బిగుతవడం, ఉంగరం తిరగకపోవడం, ఇవే మొదటి గుర్తులు, ఈ దశలో పట్టుకుంటే వాపును బాగా అదుపులో పెట్టొచ్చు. మీకు ఆపరేషన్ చేసిన డాక్టర్ని ఈ వారమే కలవండి. కొత్తగా వచ్చిన వాపు కాబట్టి రక్తం గడ్డకట్టిందా, జబ్బు తిరగబడిందా అని ఒకసారి చూసుకోవాలి. రెండూ కాదని తేలితే ఇది లింఫెడిమా, అంటే లింఫ్ వెళ్లే దారి దెబ్బతిని వచ్చే వాపు. చంకలో గ్రంథులన్నీ తీసిన వాళ్లలో సుమారు ప్రతి ఐదుగురిలో ఒకరికి వస్తుంది, ఒకటి రెండు గ్రంథులు మాత్రమే తీసి పరీక్షించిన వాళ్లలో ఇంతకన్నా చాలా తక్కువ, 100 మందిలో ఐదారుగురికే.

ఇంట్లో వాళ్ల ప్రేమ నాకు అర్థమైంది, కానీ చెయ్యిని కట్టేసి కూర్చోబెట్టడం మేలు చెయ్యదు. పూర్వం మేమూ అలాగే చెప్పేవాళ్లం. 2009లో అమెరికాలో లింఫెడిమా ఉన్న 141 మంది స్త్రీల మీద ఒక పరిశీలన జరిగింది, వారానికి రెండుసార్లు కొద్ది కొద్దిగా పెంచుకుంటూ బరువులు ఎత్తిన వాళ్లకు వాపు పెరగలేదు, పైగా ఉన్నట్టుండి ఎక్కువవడం తగ్గింది. వాళ్లు స్లీవ్ (చేతిని బిగువుగా పట్టి ఉంచే తొడుగు) తొడుక్కుని, నేర్పేవాళ్ల దగ్గర చేశారు, అది మర్చిపోకండి. వంట చేసుకోండి, బోర్డు మీద రాయండి, బట్టలు ఆరేయండి. బిందె అమాంతం ఎత్తడం వద్దు, అంతే.

కంప్రెషన్ స్లీవ్ కొలతలు తీసి ఇప్పించుకోవాలి, ఎవరిదో అరువు తెచ్చుకుంటే కుదరదు. పొద్దున్న లేవగానే తొడుక్కుని రాత్రి తీసేయాలి. మన బెజవాడ ఎండలో అది ఎంత కష్టమో తెలుసు, అందుకే రెండు కొనుక్కుని రోజు మార్చి రోజు ఉతికి, పిండకుండా నీడలో ఆరేసుకోండి. ఆరు నెలలకు బిగువు పోతుంది, మార్చాలి. వాపు ఎక్కువగా ఉంటే ముందు కొన్ని వారాలు ఫిజియోథెరపిస్టు దగ్గర కట్లు, లింఫ్‌ను మళ్లించే మెత్తటి మర్దన చేయించుకుని తర్వాత స్లీవ్‌కి రావాలి. గట్టిగా నూనె పట్టించే మాలిష్ దీనికి పనికిరాదు. నీళ్ల మాత్రలు కూడా వద్దు, అవి ఈ వాపుకు పనిచెయ్యవు.

ఆ చేతికి గాయం కాకుండా చూసుకోండి. పోపు చిట్లినప్పుడు నూనె చుక్క, గులాబీ ముల్లు, పగిలిన మట్టిగాజు గీత, దోమకాటు గోకితే పడే పుండు, ఇవన్నీ చిన్నవే కానీ ఇన్‌ఫెక్షన్‌కి దారి అవే. గాజులు ఎడమచేతికి ఎన్నైనా వేసుకోండి. గీసుకుంటే వెంటనే సబ్బుతో కడిగి యాంటీసెప్టిక్ రాయండి, ఎరుపు పాకుతున్నా, జ్వరం వచ్చినా అదే రోజు డాక్టర్ దగ్గరికి వెళ్లాలి. బరువు పెరిగితే వాపూ పెరుగుతుంది, కాబట్టి బరువు అదుపు ముఖ్యం. అలాగని పప్పు, గుడ్డు, పెరుగు మానొద్దు, ప్రొటీన్ మానితే వాపు తగ్గదు.

ఇక విమానం. రొమ్ము క్యాన్సర్ ఆపరేషన్ అయిన స్త్రీల మీద 2016లో వచ్చిన ఒక పరిశీలనలో విమాన ప్రయాణానికీ, బీపీ చూడటానికీ, రక్తం తీయడానికీ వాపు పెరగడంతో సంబంధం కనబడలేదు, అధిక బరువు, ఇన్‌ఫెక్షన్ మాత్రం కనబడ్డాయి. బీపీ, రక్తపరీక్ష వీలైతే ఎడమచేతికే చేయించుకోండి, వీలుకాకపోతే భయపడొద్దు. మీకు ఇప్పటికే వాపు ఉంది కాబట్టి స్లీవ్ తొడుక్కుని ఎక్కండి, గంటకోసారి లేచి నడవండి, పిడికిలి బిగించి వదులుతూ ఉండండి, పెద్ద సూట్‌కేసులు ఇంకొకరితో ఎత్తించుకోండి. మనవడినో మనవరాలినో ఎత్తుకోవచ్చా అని మీరు అడగలేదు, నేనే చెప్తున్నాను, నిక్షేపంగా ఎత్తుకోండి. రెండు చేతులూ మార్చుకుంటూ ఎత్తుకుంటే చాలు.

ప్రశ్న: ఏటా ఇంటికొచ్చి ఫైలేరియా మాత్రలు ఇస్తున్నారు. మా ఇంట్లో ఎవరికీ జబ్బు లేదు. మేమెందుకు మింగాలి? పోయినసారి మా తమ్ముడికి మింగాక తల తిరిగింది.
— ఒక పాఠకుడు, శ్రీకాకుళం జిల్లా

జవాబు: జబ్బు లేదని చూపుతో చెప్పలేం. పురుగు పిల్లలు రక్తంలో ఏళ్ల తరబడి ఉన్నా కాలు మామూలుగానే ఉంటుంది, దోమ మాత్రం ఆ మనిషి నుంచి పక్కింటి పిల్లాడికి మోసుకెళ్తుంది. కాలు ఉబ్బాక మాత్ర వెనక్కి తేలేదని పైన చెప్పాను కదా, అందుకే ఉబ్బకముందే మింగాలి. పరగడుపున కాకుండా అన్నం తిన్నాక, ఇచ్చినవాళ్ల ఎదురుగానే మింగండి. మీ తమ్ముడిలా తల తిరగడం, కాస్త జ్వరం రావడం చాలాసార్లు లోపలి పురుగు పిల్లలు చనిపోతున్నందువల్లే, ఒకటి రెండు రోజుల్లో పోతుంది, ఎక్కువగా ఉంటే పీహెచ్‌సీలో చూపించండి. గర్భిణులకు, రెండేళ్ల లోపు పిల్లలకు, తీవ్రమైన జబ్బుతో ఉన్నవాళ్లకు ఇవ్వరు. 2027 కల్లా ఈ జబ్బు దేశంలో లేకుండా చెయ్యాలని ప్రభుత్వం పెట్టుకున్న గడువు. ఈ దోమ మురికినీళ్లలో పుడుతుంది, కాబట్టి మీ సెప్టిక్ ట్యాంకు గొట్టం మూతికి ఈరోజే ఒక దోమతెర ముక్క కట్టేయండి.

ప్రశ్న: మా నాన్నగారికి సాయంత్రానికి రెండు పాదాలూ ఉబ్బుతున్నాయి, పొద్దున్నకు తగ్గిపోతున్నాయి. ఇది కూడా బోదకాలేనా?
— ఒక అమ్మాయి, కరీంనగర్

జవాబు: కాకపోవచ్చమ్మా. రెండు కాళ్లూ ఒకేలా ఉబ్బి రాత్రికి తగ్గుతుంటే ముందు గుండె, కిడ్నీ, లివర్, థైరాయిడ్ చూపించాలి, ఆయన వాడే బీపీ మాత్రల చీటీ కూడా తీసుకెళ్లండి, వాటిలో కొన్నింటికి ఈ వాపు వస్తుంది. కాలి రెండో వేలి మొదట్లో చర్మాన్ని రెండు వేళ్లతో పట్టి మడత లేపండి. మడత లేవకుండా దళసరిగా ఉంటే లింఫెడిమా అని అనుమానించాలి, లేచినంత మాత్రాన కాదని చెప్పలేం. ఎప్పుడైనా ఒక్క కాలే ఒక్కసారిగా ఉబ్బి పిక్క నొప్పి పెడితే మాత్రం తెల్లారేదాకా ఆగకండి, రక్తం గడ్డకట్టి ఉండొచ్చు, ఆ రాత్రే ఆసుపత్రికి తీసుకెళ్లండి.