మేనకోడలికి మామయ్య ఉత్తరం

అమ్మలూ,

పక్కలకు తిప్పే రడ్డర్, ముక్కు లేపి దించే ఎలివేటర్ అన్నీ కదలకుండా బిగించేసి, రెండు మోటార్లు ముందుకు తోసే బలం, అదే థ్రస్ట్‌తోనే మోడల్ విమానాన్ని దింపుతానంటున్నావట. మీ అమ్మ ఫోన్‌లో చెప్పగానే ఛాతీ ఉప్పొంగింది. రాత్రి మాత్రం నిద్ర పట్టలేదు.

ఎక్కడ ఎగరెయ్యొచ్చో చూపించే ప్రభుత్వ డిజిటల్ స్కై మ్యాప్ చూసుకో, యెలహంక ఎయిర్‌బేస్ ఛాయలకు పోకు. మోటార్లు రెక్కల కింద వేలాడాలి, అప్పుడే థ్రస్ట్ పెంచితే ముక్కు బాగా లేస్తుంది. ఇవన్నీ నీకు తెలిసినవే.

నా భయమంతా ఫ్యూగాయిడ్ గురించి. ముక్కు లేస్తూ వాలుతూ ఊగే ఆ ఊపును అణచాలంటే, ముక్కు వాలి వేగం పుంజుకుంటున్నప్పుడు థ్రస్ట్ పెంచాలి, లేచి వేగం పడిపోతున్నప్పుడు తగ్గించాలి. మనసు ఒప్పుకోదు, అయినా అదే దారి. మా సిమ్యులేటర్‌లో ఒక సీనియర్ పైలట్‌ ఉండేవారు, గొప్ప చెయ్యి ఆయనది. ముక్కు పూర్తిగా పైకి లేచాక గానీ త్రాటిల్, అంటే ఇంజన్ శక్తిని పెంచి తగ్గించే పిడి, వెనక్కి లాగేవారు కాదు. జెట్ ఇంజన్ మాట వినడానికి కొన్ని సెకన్లు పడుతుంది కదా, పాలు పొంగాక మంట తగ్గించినట్టే అయ్యేది. థ్రస్ట్ తగ్గేసరికి ముక్కు తనంతట తానే వాలుతూ ఉండేది, దాంతో ఇంకా లోతుకు దిగేది. కంగారుగా మళ్లీ ముందుకు తోసేవారు. ప్రతి ఊపూ ముందుదాని కంటే పెద్దది. అరచేతి చెమటకి త్రాటిల్ పిడులు మెరుస్తుండేవి. రన్‌వే ఇంకా ముందుండగానే తెర ఆగిపోయింది. అది తెర కాబట్టి సరిపోయింది. 1989లో అమెరికాలోని సూ సిటీలో రడ్డర్, ఎలివేటర్లను నూనె ఒత్తిడితో కదిలించే హైడ్రాలిక్స్ మూడూ పోయిన డీసీ-10 ప్రయాణికుల విమానం అలా ఊగుతూనే రన్‌వే దాకా వచ్చింది. నెమ్మదిగా దిగడానికి రెక్కల వెనక దించే ఫ్లాప్స్ లేవు, వేగం తగ్గే దారి లేదు. 296 మందిలో 184 మంది బతికారంటే ఆ పైలట్లకు చేతులెత్తి మొక్కాలి.

నీ ఎలక్ట్రిక్ మోటార్ చెప్పగానే తిరుగుతుంది తల్లీ, అందుకే అది నిన్ను మోసం చేస్తుంది. కోడ్‌లో కావాలని జెట్ ఇంజన్ లాంటి ఆలస్యం పెట్టు. పెద్ద విమానం ఊపు ఒక్కోటి నిమిషం దాకా ఉంటుంది, నీదాంట్లో కొన్ని సెకన్లే. ఆలస్యాన్నీ ఆ కొలతకే కుదించు, లేకపోతే నీ ఫలితాలు ఎందుకూ పనికిరావు. ఇంజన్లను కంప్యూటర్‌కి అప్పగించి నాసా వాళ్లు 1995లో ఎండీ-11 జెట్ విమానాన్ని దింపారు. నువ్వూ ఆ దారిలోనే వెళ్లు, చేత్తో దింపి చూపించాలన్న పంతం వద్దు.

ప్రొపెల్లర్ తిరుగుతుండగా వేళ్లు పెట్టావో, చెవి మెలేస్తాను. శనివారం పొద్దున్నే మల్లేశ్వరం నుంచి బయల్దేరతాను, నేను వచ్చేదాకా ఎగరెయ్యకు. అత్తయ్య పులిహోర కట్టిస్తానంది.

మామయ్య